స్టాటిక్‌కు రిస్ట్ స్ట్రాప్ ఒక్కటే మందు కాదు

"ఇంట్లో కంప్యూటర్ ర్యామ్, ఎస్‌ఎస్‌డి మార్చుకోవాలంటే యాంటీ స్టాటిక్ రిస్ట్ స్ట్రాప్ కొనక తప్పదా?" అని అడిగారు. స్టాటిక్ అంటే రాపిడితో ఒంట్లో చేరే కరెంటు చార్జీ, స్ట్రాప్ అంటే దాన్ని దించడానికి మణికట్టుకు కట్టుకునే వైరు పట్టీ. కొంటే మంచిదే. కానీ స్ట్రాప్ ఉంది కదా అన్న ధీమాతో అసలు పని వదిలేసేవాళ్లే ఎక్కువ. మీ చెయ్యి, కేబినెట్ (కంప్యూటర్ డబ్బా), కొత్త పార్టు, ఈ మూడూ ఒకే వోల్టేజీకి వచ్చాకే పార్టు స్లాట్‌ను తాకాలి. స్ట్రాప్ చేసేది కూడా ఇంతే.

చురుక్కుమంటే మనకు తెలుస్తుంది కదా అనుకోకండి. వేలికి తెలియాలంటే దాదాపు 3,000 వోల్టులు కావాలి. కొన్ని చిప్పులు వంద, రెండు వందల వోల్టులకే దెబ్బతింటాయి. పోయిన పార్టు వెంటనే పోయినట్టు కనిపించాలనీ లేదు. లోపలి ఆక్సైడ్ పొర బలహీనపడి, కొన్నాళ్లు బాగానే నడిచి, ఆ తర్వాత ఎప్పుడు పడితే అప్పుడు బ్లూ స్క్రీన్ ఇస్తుంది. అప్పుడు విండోస్ మీద అనుమానపడి ఫార్మాట్ కొట్టేస్తారు.

గాలిలో తేమను బట్టి ప్రమాదం చాలా మారుతుంది. కార్పెట్ మీద నడిస్తే బాగా పొడి గాలిలో 35,000 వోల్టుల దాకా, తేమ గాలిలో 1,500 వోల్టుల దాకా చేరుతుందని ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలో తరచూ చెబుతారు. కాకినాడ ఉక్కపోతలో పని చేయడం వేరు, జనవరిలో నిజామాబాద్‌లో చేయడం వేరు. అమెరికాలో హీటర్ వేసిన కార్పెట్ ఇళ్లలో ఉండే మనవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఏసీ గది కూడా పొడిదే.

ర్యామ్ మార్చే ఆ రెండు నిమిషాలు ఎలా జరగాలో చెబుతాను. షట్‌డౌన్ చేసి ప్లగ్ పూర్తిగా పీకేయండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టండి. మదర్‌బోర్డు మీద వెలిగే చిన్న లైటు ఆరిపోవాలి. స్వెట్టర్, నైలాన్ బట్టలు వద్దు. తాండూరు బండల మీద ఒట్టికాళ్లతో నిలబడటం రబ్బరు చెప్పులకన్నా నయం. గ్లేజ్ టైల్స్ మీద మాత్రం అంత నమ్మకం పెట్టుకోకండి. ఇప్పుడు కేబినెట్‌లో రంగు లేని లోహాన్ని ముట్టుకోండి. రంగు కరెంటును ఆపుతుంది కాబట్టి పక్క రేకు మీద చెయ్యి వేస్తే లాభం లేదు. వెనక కార్డుల పట్టీ గానీ ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) స్క్రూ గానీ పట్టుకోవాలి. ఒక చెయ్యి అక్కడే ఉంచి, రెండో చేత్తో ర్యామ్‌ను దాని యాంటీ స్టాటిక్ బ్యాగుతో సహా ఆ లోహానికి ఆనించి, అప్పుడే బయటికి తీయండి. అంచులు పట్టుకోండి, బంగారు రంగు కాంటాక్టులు తాకొద్దు. మధ్యలో స్క్రూడ్రైవర్ కోసం కుర్చీలోంచి లేచారా, ఒంట్లో చార్జీ మళ్లీ చేరినట్టే. తిరిగి రాగానే ముందు లోహాన్ని ముట్టుకోవాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

"ప్లగ్ పెట్టే ఉంచి, స్విచ్ ఆపితే ఎర్త్ దొరుకుతుంది" అనే సలహా మన ఇళ్లకు పనికిరాదు. మన సాకెట్ స్విచ్ ఒక్క వైరునే తెంపుతుంది. వైరింగ్ తారుమారైతే న్యూట్రల్ తెగి, ఫేజ్ లోపలే ఉండిపోతుంది. పైగా చాలా ఇళ్లలో మూడో పిన్ వెనక వైరే ఉండదు. కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమనడానికి కారణం తరచూ ఇదే. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని కేబినెట్ 115 వోల్టుల చుట్టుపక్కల తేలుతుంది. అది స్టాటిక్ కాదు, ఎర్తింగ్ లోపం. అంతకన్నా ఘోరం, సాకెట్‌లోనే ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేయడం. ఆ న్యూట్రల్ తెగిన రోజు కేబినెట్ మొత్తం 230 వోల్టులే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, లోడ్ (ఇంట్లో ఏదైనా పరికరం) నడుస్తుండగా మల్టీమీటర్‌తో చూపించమనండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉండాలి. లోడ్ ఉన్నా న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కచ్చితంగా సున్నా చూపిస్తే, రెండూ కలిపేశారేమో సాకెట్ విప్పించి చూడాలి.

స్ట్రాప్ కొంటే క్లిప్‌ను కేబినెట్ లోహానికే పెట్టండి. దాని వైరులో 1 మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. పొరపాటున 230 వోల్టులు తగిలినా 0.23 మిల్లీ ఆంపియర్ మించి పారదు. కొనగానే మల్టీమీటర్‌తో కొలవండి. సున్నా చూపిస్తే రెసిస్టర్ లేనట్టు, అలాంటిది వాడొద్దు. పట్టీ చర్మానికి బిగుతుగా తగలాలి, చొక్కా చెయ్యి మీద కడితే వృథా. వైరు లేని స్ట్రాపులంటూ అమ్మేవాటికి డబ్బు తగలేయకండి. చార్జీ పోవడానికి వాటిలో దారే లేదు.

షాపువాళ్ల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ప్యాకింగ్. ర్యామ్‌ను మామూలు పాలిథిన్ కవర్లో వేసి ఇచ్చేస్తారు, లేదంటే థర్మోకోల్‌లో గుచ్చేస్తారు. రెండూ చార్జీ పుట్టించేవే, ముట్టుకున్నా ఆ చార్జీ దిగదు. గులాబీ రంగు కవరు తనంతట తాను చార్జీ పుట్టించదు, అంతే. బయటి దెబ్బను ఆపేది లోహపు పొర ఉన్న వెండి రంగు బ్యాగు. అది అడిగి తీసుకోండి. ఆ బ్యాగు మీద మదర్‌బోర్డు పెట్టి ఆన్ మాత్రం చేయకండి. బోర్డును అట్టపెట్టె మీద పెట్టుకోండి. థర్మోకోల్, సెల్లోటేప్, పాలిథిన్ బోర్డుకు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

దుమ్ము దులపడానికి ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్ వద్దు. ప్లాస్టిక్ గొట్టంలో దుమ్ము రాసుకుంటూ పోయేటప్పుడే చార్జీ పుడుతుంది. బ్లోయర్ వాడండి, ఫ్యాను తిరగకుండా రెక్కను వేలితో పట్టుకుని.