మధ్యధరా పరిశోధన మన చెలకకు, మన చెరువుకు పనికొస్తుందా?

మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాలు సాగు, తిండి, చేపల మీద కలిసి చేస్తున్న పరిశోధన గురించి పోయిన సంచికలో చిన్న పరిచయం వేశాం. దాని మీద వరంగల్, ములుగు, జగిత్యాల, కరీంనగర్, బోధన్ వైపుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. జవాబులు చదివే ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలమంతా పొడిగా ఉంటుంది. మనకు ఎండలు ముగిసీ ముగియకముందే మిరుగు వస్తుంది. వాళ్ల సిఫార్సు ఏదైనా ముందు ఈ తేడా దగ్గర నిలబెట్టి చూడాలి.

*ఏటా మిర్చి నారు నారుకుళ్ళుతోని సగం పోతున్నది. మట్టిని ఎండతోని ఉడికించే పద్ధతి ఇజ్రాయెల్‌ల పుట్టిందని ఒక్క ముక్క రాసి వదిలేసిండ్రు. మాకు పనికొస్తదా? ఎకరం నారుకు ఎంత షీటు కావాలె?*
*ఒక రైతు, నర్సంపేట*

పనికొస్తుంది. అక్కడి నుంచి దాదాపు ఉన్నదున్నట్టు తెచ్చుకోగల కొద్ది పనుల్లో ఇదొకటి. దీనికి కావలసింది వాన లేని ఎండ. అది వాళ్లకు జూలై, ఆగస్టుల్లో ఉంటే మనకు ఏప్రిల్, మే నెలల్లో ఉంటుంది. ఆ రోజుల్లో నారుమడి జాగా ఎలాగూ ఖాళీయే కాబట్టి పంట వదులుకునే బాధ కూడా లేదు.

హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన యాకోవ్ కటాన్ బృందం 1976లో దీన్ని ప్రచురించింది. తడి మట్టి మీద పలుచటి పాలిథిన్ కప్పి ఎండకు వదిలితే వంగ, టమాటల్లో ఎండు తెగులు తెచ్చే శిలీంధ్రాలు తగ్గుతాయని చూపించింది. గ్రీసు శాస్త్రవేత్తలు దీన్నే ఎదిగిన ఆలివ్ చెట్ల చుట్టూ ప్రయత్నించారు. స్పెయిన్‌లోని ముర్సియాలో క్యాప్సికం పండించేవాళ్లు షీటు కింద పశువుల ఎరువు కూడా కలిపి వాడుతున్నారు.

ఎకరానికి సరిపడే నారుకు ఒక సెంటు, అంటే 40 చదరపు మీటర్ల మడి చాలు. మీటరు వెడల్పు, 10 మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల ఎత్తుతో నాలుగు మడులు చేసుకోండి. మడి వెడల్పు మీటరు, రెండు పక్కల ఎత్తు 30 సెంటీమీటర్లు, మట్టిలో పూడ్చే అంచులు రెండు వైపులా 20 చొప్పున 40 సెంటీమీటర్లు. మొత్తం 170 అవుతుంది కాబట్టి 2 మీటర్ల వెడల్పు షీటు తీసుకోవాలి. పొడవు మడికి 11 మీటర్ల చొప్పున 44. అంటే 88 చదరపు మీటర్లు. 25 మైక్రాన్లదైతే సుమారు 2 కిలోలు, 50 మైక్రాన్లదైతే 4 కిలోలు తూగుతుంది. పలుచటిది బాగా వేడెక్కిస్తుంది కానీ గాలి దుమారానికి చిరుగుతుంది. మన మే నెల గాలులు చూస్తే 50 మైక్రాన్లదే మేలు.

షీటు లోపలిది కనబడేలా ఉండాలి. మల్చింగ్‌కు వాడిన నల్ల షీటు మిగిలింది కదా అని చాలామంది దాన్నే కప్పేస్తారు. నల్ల షీటు ఎండను తానే తాగి తాను కాగుతుంది, కింది మట్టికి అంత వేడి చేరదు. తెల్లగా మెరిసే షీటు అసలే వద్దు, అది ఎండను వెనక్కి కొడుతుంది.

ఏప్రిల్ చివరి వారంలో మడిని మెత్తగా దున్ని, గడ్డలు పగలగొట్టి, కట్టెలు, మోళ్లు ఏరేయండి. గడ్డ ఉన్నచోట షీటు ఎత్తుగా లేస్తుంది. కింద గాలి చేరిందంటే వేడి మట్టిలోకి దిగదు. పశువుల పెంట బాగా మాగినది కలపాలనుకుంటే ఇప్పుడే కలపండి. తర్వాత జానెడు లోతు దాకా తడిసేలా నీళ్లు పెట్టి, మరునాడు మట్టి జిగురు తగ్గగానే షీటు పరిచి నాలుగు అంచులూ పూడ్చాలి. తడి ఎందుకంటే, పొడి మట్టి వేడిని లోపలికి పోనివ్వదు. పైగా పొడిలో ముడుచుకుని నిద్రపోయే శిలీంధ్ర బీజం వేడిని తట్టుకుంటుంది, తడికి మేల్కొన్నది చస్తుంది. సోలరైజేషన్, అంటే మట్టిని ఇలా ఎండతో ఉడికించడం, ఫలించలేదనే చోట చాలాసార్లు తప్పు ఈ తడి దగ్గరే ఉంటుంది.

నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. చిల్లి పడితే అదే రోజు టేపు వేయండి. రోహిణి కార్తెలో అకాల వాన పడితే షీటు మీద నిలిచిన నీళ్లను చీపురుతో తోసేయండి, నీటి మడుగు కింద మట్టి చల్లబడుతుంది. బయటి మురుగు నీరు మడిలోకి రాకుండా చుట్టూ చిన్న కాలువ తీయండి.

షీటు తీశాక మడిని లోతుగా తవ్వకండి. బాగా వేడెక్కేది పై 10, 15 సెంటీమీటర్లే. పార దింపితే కింద బతికున్న తెగులును మీ చేత్తోనే పైకి తెచ్చినట్టు. పైపైన గీరి విత్తనం వేయండి. తెగులును అణచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా కలిపిన పెంట చల్లాల్సిందీ ఇప్పుడే. షీటుకు ముందు చల్లితే డబ్బులు ఉడికిపోయినట్టే. చల్లాక మాత్రం ఉపయోగం ఎక్కువ, ఎందుకంటే ఖాళీ అయిన మట్టిలో మొదట చేరినవాడిదే రాజ్యం.

తుంగకు మాత్రం ఇది మందు కాదు. దాని గడ్డలు లోతున ఉంటాయి. మొలక షీటునే పొడుచుకుని వస్తుంది. తుంగ ఉన్న జాగాను నారుమడికి ఎంచుకోకపోవడమే తెలివి.

*పొలాస కాలేజీలో బి.ఎస్సీ. అగ్రికల్చర్ చివరి సంవత్సరం. ఈ మధ్యధరా సంస్థల్లో ఎమ్మెస్సీ చేయవచ్చా? భారతీయులను తీసుకుంటారా? ప్రిమా అని కూడా వింటున్నాను, అందులో చేరవచ్చా?*
*ఒక విద్యార్థిని, జగిత్యాల*

మీరు చూడాల్సిన పేరు సిహెయామ్. మధ్యధరా వ్యవసాయ ఉన్నత విద్య కోసం 1962లో ఏర్పడిన అంతర్ప్రభుత్వ సంస్థ ఇది. ఇప్పుడు 13 దేశాలకు సభ్యత్వం ఉంది, కార్యాలయం పారిస్‌లో. చదువు చెప్పేవి నాలుగు సంస్థలు: ఇటలీలో బారి, ఫ్రాన్సులో మాంపెలియే, స్పెయిన్‌లో సరగోసా, గ్రీసులో ఖానియా. ఇండియా సభ్యదేశం కాదు. అయినా దరఖాస్తు చేయవచ్చు. తేడా వచ్చేది స్కాలర్‌షిప్ దగ్గర, ముందు వరుస సభ్యదేశాల పిల్లలది. సీటు వచ్చిందన్న ఉత్తరం చూసి సంబరపడే ముందు అందులో ఫీజు మాఫీ ఎంత, బస ఖర్చు ఎవరిది అన్నది చదవండి.

భాష విషయంలో బారి, ఖానియాలు ఇంగ్లిష్‌తో సాగుతాయి. మాంపెలియేకి ఫ్రెంచ్ కావాలి. సరగోసాలో కోర్సును బట్టి స్పానిష్ అవసరపడుతుంది. మాస్టర్స్ రెండేళ్లు, రెండో ఏడు పూర్తిగా థీసిస్. సర్టిఫికెట్ల పని ముందే మొదలుపెట్టండి. పట్టా మీద మొదట రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర, వేయించాలి. ఈ వరుస తప్పితే వెనక్కి పంపుతారు. మార్కుల జాబితాలో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ఈరోజే చూసుకోండి. మన దగ్గర ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు ఉండటం మామూలే, చాలా దరఖాస్తులు ఆగేది అక్కడే.

ప్రిమా గురించి కూడా అడిగారు. అది విద్యార్థులను చేర్చుకునే సంస్థ కాదు, ప్రాజెక్టులకు డబ్బిచ్చే భాగస్వామ్యం. 2018లో మొదలైంది, సచివాలయం బార్సిలోనాలో ఉంది. నీటి నిర్వహణ, సాగు పద్ధతులు, ఆహార సరఫరా గొలుసు అనే మూడు దారుల్లో వేర్వేరు దేశాల ప్రయోగశాలలు జట్టుకడితేనే నిధులిస్తుంది. మీకు పనికొచ్చే ఉపాయం ఒకటుంది. నచ్చిన ప్రిమా ప్రాజెక్టులో ఏ ప్రొఫెసర్ ఉన్నారో చూసి, ఆయన పనిచేసే విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టండి. ఎక్కడికీ పోకపోయినా సిహెయామ్ ప్రచురించే ‘ఆప్షన్స్ మెడిటెరానియెన్’ సంపుటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

*కరీంనగర్‌లో ఒకాయన ఆలివ్ మొక్కలు అమ్ముతున్నాడు. నల్లరేగడిలో వేయవచ్చునా?*
*వీణవంక*

వద్దు. ఆలివ్‌కు పూమొగ్గ కట్టాలంటే చలికాలంలో వారాల తరబడి చలి కావాలి, మన చలి దానికి చాలదు. చెట్టు పచ్చగా పెరుగుతుంది, కాయ రాదు. పైగా వానాకాలంలో రేగడిలో నీళ్లు నిలిస్తే దాని వేరు కుళ్ళుతుంది. రాజస్థాన్‌లో ఇజ్రాయెల్ మొక్కలతో తోటలు వేసిన మాట నిజమే. అక్కడి చలి వేరు, ఆ ఇసుక నేల వేరు.

*మాది మత్స్య సహకార సంఘం. మధ్యధరాలో చేపల వేటకు అన్ని దేశాలు కలిసి కట్టుబాట్లు పెట్టుకున్నాయని రాశారు. మా చెరువులో ఏటా చేప సైజు తగ్గుతున్నది. ఆ కట్టుబాట్లు మేం పెట్టుకోవచ్చా?*
*ఒక సంఘం సభ్యులు, ములుగు జిల్లా*

కొన్ని పెట్టుకోవచ్చు, కొన్ని పెట్టుకుంటే ఉత్త శ్రమే. ఏవి ఏవో చెప్తాం.

అక్కడ కట్టుబాట్లు చేసేది జి.ఎఫ్.సి.ఎం. అనే మత్స్య కమిషన్. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ కింద 1949 ఒప్పందంతో పుట్టింది. పరిశీలించిన చేప నిల్వల్లో 75 శాతం మితిమీరిన వేటకు గురవుతున్నాయని 2020 నివేదిక తేల్చింది, 2023 నివేదికలో అది 58 శాతానికి దిగింది. వాళ్లు చేసినవాటిలో ముఖ్యమైనవి మూడు: వల కన్ను కొలత, కొన్ని జాగాల్లో వేట నిషేధం, పట్టిన ప్రతిదానికీ లెక్క.

ముందు నిషేధం సంగతి. ఇటలీ, క్రొయేషియాల మధ్య ఏడ్రియాటిక్‌లో జబూకా అనే లోతైన గుంతను 2017లో మూశారు. అక్కడ పిల్ల చేపలు పెరుగుతాయి కాబట్టి ఫలితం వచ్చింది. మీ చెరువులో బొచ్చె, రవ్వ గుడ్లు పెట్టవు. వాటికి పారే నది నీళ్లు కావాలి. మీరు ఏటా పిల్లలను తెచ్చి వదలాల్సిందే. కాబట్టి వాటి కోసం గుడ్ల కాలమని వేట ఆపితే కొత్తగా ఒక్క పిల్ల కూడా పుట్టదు. కొరమీను, జెల్ల వంటివి వేరు, అవి చెరువులోనే పిల్లలు పెడతాయి. వాటి కోసం వానలు మొదలైన రెండు నెలలు శిఖం అంచున గడ్డి ఉన్న జాగాలో వల వేయకపోవడం, పిల్లలను కాచుకుని తిరిగే తల్లి కొరమీనును పట్టకపోవడం మంచి కట్టుబాటు.

మీ అసలు జబ్బుకు మందు వల కన్ను. మధ్యధరాలో పడవ వెనక లాగే ట్రాల్ వల చివరి సంచికి 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను, లేదా 50 మిల్లీమీటర్ల డైమండ్ కన్ను ఉండాలన్నది నియమం. రెండు అంకెలు ఎందుకంటే, లాగేటప్పుడు డైమండ్ కన్ను మూసుకుపోతుంది, చదరపుది తెరుచుకునే ఉంటుంది. ఆ అంకెలు సముద్రపు చేపకు, ట్రాల్ వలకు పెట్టినవి. మీది చేప మొప్పల దగ్గర ఇరుక్కునే గిల్ వల, లెక్క ఇలా కట్టండి. ఏ సైజు చేప మాత్రమే పడాలనుకుంటున్నారో ఆ చేప మొప్పల వెనక చుట్టూ దారం కట్టి కొలవండి. వచ్చిన కొలతను 2.4తో భాగించండి. సాగదీసి పట్టుకున్నప్పుడు వల కన్ను ఉండాల్సిన పొడవు అదే. చుట్టుకొలత 24 సెంటీమీటర్లైతే కన్ను 10 సెంటీమీటర్లు. సంఘంలో ఒక్కరు చిన్న కన్ను వల వేసినా మిగతావారి ఓపిక ఆయన బుట్టలోకే పోతుంది. కాబట్టి చెరువు కట్ట మీద కొలకర్ర పెట్టి, వల దించే ముందే కొలవాలని తీర్మానం రాసుకోండి.

లెక్క పుస్తకం అన్నిటికంటే చవక, అందరూ ఎగ్గొట్టేదీ అదే. తేదీ, ఎన్ని వలలు, కన్ను ఎంత, ఎన్ని గంటలు, ఏ చేప ఎన్ని కిలోలు, మత్తడి నుంచి నీటి మట్టం ఎంత కింద ఉంది, ఇవి రాయండి. అమ్మినదే కాక ఇంటికి తీసుకుపోయినదీ రాయాలి. నెలకొకసారి 50 చేపలను ఏరకుండా తీసి పొడవు కొలవండి. 10 వలలకు 40 కిలోలు పడితే వలకు 4 కిలోలు. ఈ అంకె ఏడాదికేడాది పడిపోతుంటే నిల్వ తగ్గుతున్నట్టు. ఇక్కడ సముద్రంలో లేని ఒక మోసం ఉంది. ఏప్రిల్‌లో చెరువు ఎండుతున్నప్పుడు చేపంతా గుంతలోకి చేరి వలకు ఎక్కువ పడుతుంది. చేప పెరిగిందనుకుంటారు, నిజానికి నీళ్లు తగ్గాయి. అందుకే ఒకే నెలను, దాదాపు ఒకే నీటి మట్టంలో, పోయినేడాదితో పోల్చండి.

*సిరియా యుద్ధంలో శనగ విత్తనాల భాండాగారం పోతే నార్వే నుంచి తెచ్చారట. దానికీ మన కాబూలీ శనగకూ సంబంధం ఉందా?*
*బోధన్*

ఉంది. పొడి నేలల సాగు మీద పరిశోధన చేసే ఇకార్డా అనే అంతర్జాతీయ సంస్థ 1977లో ఏర్పడి, అలెప్పో దగ్గరి తెల్ హద్యాలో పనిచేసేది. కాబూలీ శనగ మీద మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌తో 1978 నుంచే కలిసి పరిశోధన చేసింది. యుద్ధంతో అక్కడ పని సాగకపోవడంతో, ముందుజాగ్రత్తగా నార్వేలోని స్వాల్‌బార్డ్ భాండాగారంలో దాచిన నకళ్లను 2015లో వెనక్కి తీసుకుంది. లెబనాన్, మొరాకోల్లో పండించి మళ్లీ నింపింది. స్వాల్‌బార్డ్ నుంచి విత్తనం వెనక్కి తీసుకోవడం అదే మొదటిసారి.

అక్కడి రకాన్నే తెచ్చి వేసుకోవాలని మాత్రం చూడకండి. వాళ్లు విత్తనాన్ని వసంతం నుంచి చలికాలానికి జరిపారు. అందుకు తడి చలిలో వచ్చే అస్కోకైటా తెగులును తట్టుకునే రకాలు తయారుచేశారు. మన యాసంగి శనగకు గండం గింజ కట్టే వేళ తగిలే పొడి వేడి, మట్టిలోంచి వచ్చే ఎండు తెగులు. మనకు కావలసింది తొందరగా కోతకొచ్చే రకం. ఇక్రిశాట్ ఐ.సి.సి.వి. 2 ఆ ఆలోచనతో వచ్చిందే.

విత్తన మోతాదులో ఒక తప్పు తరచు జరుగుతోంది. 30 సెంటీమీటర్ల సాళ్లలో 10 సెంటీమీటర్లకొక మొక్క లెక్కన ఎకరానికి సుమారు 1,33,000 మొక్కలు రావాలి. జె.జి. 11 వంటి దేశవాళీకి వంద గింజలు సుమారు 22 గ్రాములు, అంటే 29 కిలోలు చాలు. వంద గింజలు 38 గ్రాములు తూగే కాబూలీకి 50 కిలోలు కావాలి. మొలక శాతం 85 అయితే 59 కిలోలు. దేశవాళీ లెక్కనే కాబూలీ పోస్తే చేను పలుచబడుతుంది, నేరం విత్తనం మీదికి పోతుంది. కాబూలీ గింజ పొట్టు పలుచన కాబట్టి విత్తాక నీళ్లు పెడితే కుళ్ళుతుంది. ముందే తడి పెట్టి, పదునులో విత్తండి.