నెలసరి ఆగాక కొలెస్ట్రాల్ ఎందుకు పెరిగింది?

ప్రశ్న: నా వయసు 51. నెలసరి ఆగిపోయి ఏడాదిన్నర అయింది. మూడేళ్ల క్రితం 118 ఉన్న చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) ఇప్పుడు 146కి చేరింది. తిండి మారలేదు, బరువూ పెరగలేదు. హార్మోన్ మాత్రలు వాడితే ఇదీ దిగుతుందని తెలిసినవారు అంటున్నారు. వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పు మీ వంటింటిది కాకపోవచ్చు. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి తీసుకునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. వాటి సంఖ్యను పెంచేది ఈస్ట్రోజెన్. అండాశయాలు ఆ హార్మోనును తయారుచేయడం తగ్గించేసరికి గ్రాహకాలూ తగ్గి, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఎక్కువసేపు నిలిచిపోతుంది. అమెరికాలో మహిళలను ఏళ్ల తరబడి గమనించిన ‘స్వాన్’ అధ్యయనంలో ఈ పెరుగుదల ముఖ్యంగా చివరి నెలసరికి అటూఇటూ ఏడాది వ్యవధిలోనే కనిపించింది. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ఎక్కువగా జరిగే మన రెండు రాష్ట్రాల్లో, దానితోపాటు అండాశయాలను కూడా చిన్న వయసులోనే తీయించుకున్నవారికి ఈ మార్పు యాభై ఏళ్లు రాకముందే మొదలవుతుంది.

మాత్రల గురించి మీరు విన్నది సగం నిజం. నోటితో వేసుకునే ఈస్ట్రోజెన్ ఎల్‌డీఎల్‌ను తగ్గిస్తుంది, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌ను పెంచుతుంది; అయితే పేగుల నుంచి నేరుగా కాలేయానికి చేరడం వల్ల రక్తంలోని మరో రకం కొవ్వైన ట్రైగ్లిజరైడ్లనూ పెంచుతుంది. చర్మానికి అంటించే పట్టీతో ఈ బెడద చాలావరకు ఉండదు. అసలు చిక్కు వేరే ఉంది. అప్పటికే గుండెజబ్బు ఉన్న 2,763 మంది మహిళలపై జరిపి 1998లో ఫలితాలు వెల్లడించిన ‘హెర్స్’ పరిశోధనలో, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ కలిపి వాడినవారికి ఎల్‌డీఎల్ మందు లేని ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారికంటే 11 శాతం తక్కువగా ఉన్నా గుండెపోట్లు మాత్రం తగ్గలేదు, పైగా మొదటి ఏడాదిలో ఎక్కువయ్యాయి. రిపోర్టులో అంకె దిగినంత మాత్రాన గుండెకు రక్షణ దొరికినట్లు కాదని వైద్యులకు గట్టిగా తెలిసివచ్చింది అప్పుడే.

కాబట్టి ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు భరించలేనంతగా ఉంటే హార్మోన్ చికిత్స గురించి స్త్రీవైద్య నిపుణురాలితో మాట్లాడండి. కొలెస్ట్రాల్ కోసమే అయితే వద్దు. ముందుగా టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి, ఎందుకంటే ఈ వయసు ఆడవారిలో తరచుగా కనిపించే థైరాయిడ్ లోపం కూడా ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర అవసరమా కాదా అన్నది 146 అనే ఒక్క అంకెను బట్టి కాక, బీపీ, షుగరు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా అన్నవి కూడా చూసి మీ డాక్టరు నిర్ణయిస్తారు. ట్రైగ్లిజరైడ్లు ఎంత ఉన్నాయో మీరు రాయలేదు. అవి 400 దాటితే, చాలా ల్యాబులు సూత్రంతో లెక్కగట్టి ఇచ్చే ఎల్‌డీఎల్ అంకెను నమ్మలేం. అలాంటప్పుడు దాన్ని నేరుగా కొలిచే పరీక్షను అడిగి చేయించుకోండి.