హ్యామక్ (చెట్లకి కట్టుకునే గుడ్డ ఊయల) మీదికి టార్ప్ (వానకి పైన కట్టే పట్టా) ఇంట్లో మిషన్ మీద కుట్టుకోవచ్చా?

కుట్టుకోవచ్చు, మామూలు కుట్టుమిషన్ చాలు. 10 అడుగుల హ్యామక్‌కి టార్ప్ 11-12 అడుగుల పొడవుండాలి, కొసలు తడవకూడదుగా. బట్ట పన్నా సుమారు 5 అడుగులే కాబట్టి రెండు ముక్కలు పొడవునా కలపాలి. అసలు పనంతా ఆ నడిమి కుట్టులోనే ఉంది: అంచులు ఒకదాంట్లో ఒకటి మడిచి, జీన్స్ ప్యాంటు కుట్టులా రెండు వరసలు వేయండి. దారం పాలియెస్టర్‌దే వాడండి. మన వైజాగ్ చెమ్మకి నూలుదారం నిలవదు. గుండుసూదులు గుచ్చొద్దు, ప్రతి చిల్లూ కారుతుంది. బట్టల క్లిప్పులు పెట్టుకోండి. తాళ్లు కట్టే మూలల్లో అదే బట్ట ఇంకో పొర వేయాలి.

సిలికాన్ పూత నైలాన్ తడిస్తే సాగుతుంది, అరకులో వాన పడితే అర్ధరాత్రి లేచి తాళ్లు బిగించాలి. అదే పూత ఉన్న పాలియెస్టర్ బట్ట అంతగా సాగదు, నా ఓటు దానికే. కుట్టు మీద సిలికాన్ సీలెంటే (చిల్లులు మూసే జిగురు) రాయండి, సిలికాన్ పూతకి వేరేవి సరిగా అంటుకోవు.