తక్కువ ఖర్చుతో కుట్లు, అల్లికలు: అమెరికాకు కొత్తగా వచ్చినవారికి

హెచ్-4 వీసా మీద భర్తతోనో భార్యతోనో వచ్చినవారూ, ఎఫ్-1 మీద చదువుకుంటున్న విద్యార్థులూ తరచుగా అడిగే సందేహం ఒకటి ఉంది. ఇంటి దగ్గర లేసు అల్లికో మగ్గం వర్కో నేర్చుకున్నాం, ఇక్కడ క్రాఫ్ట్ దుకాణానికి వెళ్తే ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చుకొని ఉత్త చేతులతో తిరిగి వస్తున్నాం, ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో ఈ సరదా సాగుతుందా అని. తప్పకుండా సాగుతుంది. అయితే దుకాణం మనం మొదట వెళ్లవలసిన చోటు కాదు, చివరికి వెళ్లవలసిన చోటు.

మొదటి ఆదా విమానం ఎక్కకముందే జరగాలి. ఆరీ సూదులు (మగ్గం వర్కుకు వాడే కొక్కెం సూదులు), జరీ దారం, పట్టు దారాలు, పూసలు, చమ్కీలు, కుందన్లు బరువు తక్కువ, మన ఊళ్లో చవక. ఇక్కడి మామూలు దుకాణాల్లో అవి సరిగా దొరకవు. పెట్టెలో వీటికి చోటివ్వండి. కుట్టుమిషను మాత్రం తేవద్దు. మన మోటారు 230 వోల్టులకు చేసినది, ఇక్కడి ఇళ్లలో వచ్చేది 120 వోల్టులు. మిషనుకు తోడు బరువైన ట్రాన్స్‌ఫార్మరు కూడా కొని పెట్టుకోవడం కంటే ఇక్కడే పాత మిషను వెతుక్కోవడం నయం. కత్తెరలు చేతిసంచిలో కాక, లోపలికి పంపే పెట్టెలో పెట్టుకుంటే తనిఖీ దగ్గర వాదన ఉండదు.

అమెరికాలో ముందుగా స్థిరపడినవారు బట్టలకు, ఊలుకు జోఆన్ దుకాణానికి వెళ్లమని ఇప్పటికీ చెబుతుంటారు. ఆ సంస్థ 2025లో దివాలా తీసి, దేశమంతటా ఉన్న తన దుకాణాలన్నిటినీ మూసివేసింది. ఇప్పుడు చాలా ఊళ్లలో మిగిలినవి మైఖేల్స్, హాబీ లాబీ, వాల్‌మార్ట్. హాబీ లాబీకి ఆదివారం సెలవు. వారమంతా ఆగి ఆదివారం బయలుదేరే మనవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఏ దుకాణానికి వెళ్లినా రంగురంగుల పెట్టెల్లో అన్నీ కలిపి అమ్మే కిట్ల జోలికి పోవద్దని నా సలహా. వాటిలో సామగ్రి కొంచెమే ఉంటుంది, ధరలో ఎక్కువ భాగం పెట్టెకే పోతుంది. లేసు అల్లిక మొదలుపెట్టడానికి 5 మిల్లీమీటర్ల క్రోషే సూది ఒకటి, 4వ నంబరు మందం గల లేతరంగు నూలు ఉండ ఒకటి చాలు. ముదురు రంగు మీద కుట్లు లెక్కపెట్టడం కష్టం కనుక లేతరంగు అంటున్నాను. నరసాపురం లేసులాంటి సన్నటి పని చేయదలచినవారికి 10వ నంబరు కాటన్ దారం, దానికి తగిన సన్నని ఉక్కు సూది కావాలి.

అసలైన నిధి వాడిన వస్తువులు అమ్మే థ్రిఫ్ట్ స్టోర్లలో ఉంది. గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీ వంటి చోట్ల జనం ఇచ్చేసిన స్వెట్టర్లు కొని, విప్పి, ఆ నూలుతో మళ్లీ అల్లుకోవచ్చు. కొత్త ఉన్నికి పెట్టే సొమ్ములో చిన్న వంతుతో మేలిరకం ఉన్ని చేతికి వస్తుంది. కానీ ఎంపికలో జాగ్రత్త కావాలి. స్వెట్టరును లోపలికి తిప్పి పక్క కుట్టు చూడండి. అల్లిన గుడ్డను కత్తిరించి అంచుకు ఓవర్‌లాక్ చేసి ఉంటే, విప్పినప్పుడు వరుసకొక ముక్క ఊడుతుందే తప్ప ఉండ కట్టేంత నూలు రాదు. అల్లికగానే ముగిసిన రెండు అంచులను విడిదారంతో జత చేసి ఉంటే, ఆ దారం తెంపి భాగాలను వేరు చేసి, మెడ వైపు నుంచి లాగితే నూలు ఏకధాటిగా వస్తుంది. వేడినీటిలో ఉతకడం వల్ల గట్టిపడి, పోగులు ఒకదానికొకటి పట్టేసిన ఉన్నిని అక్కడే వదిలేయండి. విప్పిన నూలును కుర్చీ వీపుకు చుట్టి చిలపగా తీసి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి వేలాడదీస్తే వంకరలు పోతాయి. అక్కడే దొరికే పాత పత్తి దుప్పట్లు కుట్టుపనికి మీటర్ల కొద్దీ గుడ్డ. నూరు శాతం పత్తి అని చీటీ మీద చూసి తీసుకోవాలి, ఇంటికి రాగానే ఉతికి, డ్రయ్యరులో బాగా వేడి మీద ఆరబెట్టాలి.

అంతకంటే చవకైన పని బొంత. పెట్టెలో వచ్చిన పాత నూలు చీరలు రెండు మూడు పొరలుగా పరచి చిన్న చిన్న కుట్లతో కుట్టుకుంటూ పోతే సూది, దారం తప్ప వేరే ఖర్చే లేదు. ఇక్కడి చలికాలంలో అది అలంకారం మాత్రమే కాదు, అవసరం కూడా.

మగ్గం వర్కు చేసేవారికి ఒక చిక్కు ఉంది. ఒక చేయి గుడ్డ పైన సూదిని నడపాలి, రెండవది కింద నుంచి దారం అందించాలి. కనుక చేతిలో పట్టుకునే చిన్న రింగు పనికిరాదు. పూర్తి మగ్గం కొననక్కరలేదు. బొంతలు కుట్టేవారు వాడే పెద్ద రింగును రెండు పుస్తకాల దొంతరల మధ్య ఆనించి పెట్టుకుంటే జాకెట్టు చేతుల వరకు పని హాయిగా సాగుతుంది.

పుస్తకాలకు, కొన్నిచోట్ల కుట్టుమిషనుకు కూడా, ఊరి పబ్లిక్ లైబ్రరీ ఉంది. అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో చూపితే కార్డు సాధారణంగా ఉచితంగా ఇస్తారు. మేకర్‌స్పేస్ అనే గది ఉన్న లైబ్రరీలలో మిషన్లు అక్కడే కూర్చొని వాడుకోవచ్చు. అల్లికలవారి బృందాలు కూడా చాలా లైబ్రరీలలో కలుస్తాయి. వాటికి వచ్చే పెద్దవాళ్ల ఇళ్లలో ఏళ్ల తరబడి పోగుపడిన ఉన్ని, సూదులు ఉంటాయి, ఆసక్తి చూపిన కొత్తవారికి సంతోషంగా ఇస్తారు. మొహమాటపడి కాదనకండి.

చివరగా, చేతిపని బాగుందని నలుగురూ మెచ్చుకున్నాక వచ్చే ఆలోచన గురించి. నాలుగు జాకెట్లు కుట్టి ఇస్తే సామగ్రి ఖర్చయినా వస్తుంది కదా, చేతిపని వస్తువులు అమ్మే ఎట్సీ వెబ్‌సైటులో పెడితే ఏమవుతుంది అని అడుగుతారు. పని అనుమతి కార్డు లేని హెచ్-4 వారు, విద్యార్థులు ఇలా అమ్ముకోవడం అనుమతి లేని ఉద్యోగంగా లెక్కకు రావచ్చు, ఆ మచ్చ తరువాత గ్రీన్ కార్డు దరఖాస్తు వరకు వెంటాడవచ్చు. తమకోసం చేసుకోవడానికి, కానుకగా ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. అమ్మకం మాట వస్తే మాత్రం వలస న్యాయవాదిని అడిగి నిర్ణయించుకోవాలి. అప్పటివరకు పక్కింటి అక్క చీరకు ఫాల్ కుట్టిపెడితే ఆమె తెచ్చే పప్పు గిన్నెతో సరిపెట్టుకోండి.