మధ్యలో ఇంకో టీమ్ పెడితే గొడవ తీరుతుందా?

ప్రశ్న: నేను ఒక ఐటీ కంపెనీలో ఆపరేషన్స్ టీమ్‌లో ఉన్నాను. డెవలపర్లు శుక్రవారం సాయంత్రం కోడ్ ఇచ్చేసి వెళ్లిపోతారు, రాత్రి అప్లికేషన్ ఆగిపోతే నిద్ర లేచేది మేము. అడిగితే "మా దగ్గర బాగానే నడిచింది, మీ సర్వర్ చూసుకోండి" అంటారు. ఈ గొడవ తగ్గాలని మా మేనేజర్ కొత్తగా ఒక డెవాప్స్ (డెవలప్‌మెంట్, ఆపరేషన్స్ రెండూ కలిపి చూసే) టీమ్ పెడతానంటున్నారు. ఉపయోగం ఉంటుందాండీ?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పేరుకి ఒక టీమ్ పెడితే ఉండదండీ. ఇప్పుడు ఇద్దరి మధ్య తిరిగే టికెట్ (సమస్య రాసి పంపే ఫిర్యాదు) రేపు ముగ్గురి మధ్య తిరుగుతుంది, అంతే.

చాలాచోట్ల జరిగేది చూడండి. ప్రొడక్షన్ లాగ్ (జనం వాడే అసలు సర్వర్‌లో ఏం జరిగిందో నమోదయ్యే ఫైల్) చూసే యాక్సెస్ డెవలపర్‌కి ఉండదు, ఆపరేషన్స్ వాళ్లు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి టికెట్‌కి పెడతారు, అందులో అతనికి కావలసిన లైన్ ఉండదు, "దీనికి పైనున్నది కూడా పంపండి" అని టికెట్ వెనక్కొస్తుంది, ఈలోగా షిఫ్ట్ మారిపోతుంది. ఇందులో ఎవరూ బద్ధకస్తులు కారు. ఎన్ని ఫీచర్లు ఇచ్చారని డెవలపర్లని, ఎంతకాలం ఆగకుండా నడిచిందని మిమ్మల్ని అడుగుతుంటే వాళ్లు మార్చాలనే అంటారు, మీరు వద్దనే అంటారు. సంస్థలో మనుషులు ఎవరితో ఎలా మాట్లాడుకుంటారో వాళ్లు తయారుచేసే సిస్టమ్ కూడా అలాగే వస్తుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే రాశారు.

కట్టినవాళ్లే నడపాలి అన్నది అమెజాన్ పద్ధతి, ఆ కంపెనీ టెక్నాలజీ అధిపతిగా వెర్నర్ వోగెల్స్ 2006లో ఒక ఇంటర్వ్యూలో ఈ మాటే చెప్పారు. రాత్రి ఫోన్ తనకే వస్తుందని తెలిస్తే కోడ్ రాసే తీరే మారుతుంది, నేను దీన్ని గట్టిగా నమ్ముతాను. అలాగని వేరే టీమ్ ఉండటమే తప్పని కాదు. గూగుల్‌లో 2003లో మొదలైన ఎస్ఆర్ఈ (సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్, అంటే సర్వీసులు ఆగకుండా చూసే) టీమ్‌లు వేరేగానే ఉంటాయి, కానీ టికెట్లు, ఆన్‌కాల్ (సమస్య వస్తే ఏ వేళైనా ఫోన్ తీసే డ్యూటీ) లాంటి పని వాళ్ల సమయంలో 50 శాతం దాటకూడదని హద్దు పెట్టుకున్నారు, దాటితే ఆ పని తిరిగి డెవలపర్ల దగ్గరికే వెళ్తుంది. ఈ హద్దే అసలు కీలకం.

మీ మేనేజర్‌తో మాట్లాడి, ఎక్కువ ఇబ్బంది పెడుతున్న ఒక్క అప్లికేషన్ తీసుకుని దాని డెవలపర్లను మీ ఆన్‌కాల్ వరసలో కలపమనండి, వాళ్లకి లాగ్‌లు చూసే యాక్సెస్ ఇప్పించమనండి, రాత్రి మేలుకున్నవాళ్లు ఎవరైనా సరే మర్నాడు ఆలస్యంగా రానివ్వమనండి. కొత్త టీమ్ పెట్టి తీరాలంటే వాళ్లతో టికెట్లు మోయించకుండా, డెవలపరే సొంతంగా రిలీజ్ చేసుకుని తేడా వస్తే పాత వెర్షన్‌కి వెళ్లగలిగే టూల్స్ చేయించాలి. డెవలప్‌మెంట్ ఒక వెండర్‌ది, ఆపరేషన్స్ ఇంకో వెండర్‌ది అయితే మాత్రం ఇది మీ మేనేజర్ ఒక్కరి వల్ల అయ్యేది కాదు, క్లయింట్‌తో కాంట్రాక్ట్‌లోనే తేల్చుకోవాలి. శుక్రవారం సాయంత్రం రిలీజులు మాత్రం ఈ వారం నుంచే ఆపించండి, దానికి ఏ కొత్త టీమూ అక్కర్లేదు.