25 జంపులు పూర్తి చేసిన మేనకోడలికి

తిరుపతి,
కార్తీక మాసం

అమ్మణ్ణీ,

25 పారాచూట్ జంపులు పూర్తయి, సొంతంగా దూకేవాళ్ళకిచ్చే మొదటి లైసెన్సు, అదే 'ఎ' లైసెన్సు చేతికొచ్చిందని టెక్సాస్ నుంచి నువ్వు రాసింది మీ అత్తను వంటింట్లోంచి పిలిచి గట్టిగా చదివి వినిపించినా. 13,000 అడుగులంటే మన తిరుమల కొండకు నాలుగింతలు పైనే అని చెప్పేసరికి దేవుడి గది వైపు తిరిగి దండం పెట్టుకుంది. నాకైతే కళ్ళు చెమర్చినాయి. మన ఇంట్లో నా తర్వాత ఆకాశంలోంచి దూకినదానివి నువ్వే.

"ఇక్కడ అందరివీ వందలు, వేల జంపులు. వాళ్ళ మధ్య నోరు తెరవాలంటే బిడియంగా ఉంది మామా" అన్నావు చూడు, ముందు దానికి జవాబు రాస్తా.

ఆగ్రాలో ఉన్నప్పటి మాట. అప్పటికే నావి 800 జంపులు దాటినాయి, నలుగురికి నేర్పేవాణ్ణి. ఒకరోజు పొద్దున ఎవరితోనో మాట్లాడుతూ రిగ్ (పారాచూట్లు, పట్టీలు ఉండే సంచీ) తగిలించుకుని విమానం ఎక్కినా. ఎదురుగా కూర్చున్న కుర్రాడికి పది జంపులు కూడా లేవు. వాడు నా ఛాతీ వైపు చూస్తాడు, చూపు తిప్పుకుంటాడు, మళ్ళీ చూస్తాడు. భయంతో అట్లా చూస్తున్నాడేమో అనుకున్నా. ఎత్తు చూపే ఆల్టీమీటరు 6,000 అడుగులు దాటినాక ముందుకు వంగి, ఇంజిన్ హోరులో నాకొక్కడికే వినపడేట్టు, "సార్, మీ చెస్ట్ స్ట్రాప్..." అన్నాడు. తల వంచి చూసుకున్నా. ఛాతీ పట్టీ కొస బకిల్ కడ్డీని చుట్టి వెనక్కి రావాల్సింది, ఊరికే లోపలికి దూరి అవతల వేలాడుతోంది. పైకి బిగిసినట్టే ఉంది. పారాచూట్ విచ్చుకునేటప్పుడు పడే గుంజుకు అది జారిపోతే రిగ్ ఒకపక్క, నేనొకపక్క.

కిందికి దిగినాక అడిగినా, "ఎక్కేటప్పుడే చూసినావు కదా, అప్పుడే ఎందుకు చెప్పలేదురా?" అని. "మీరు సార్ కదా, మీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నా" అన్నాడు. ఆరువేల అడుగుల దాకా నా పెద్దరికం ఆ పిల్లవాడి నోరు కట్టేసింది. ఆ రోజు నుంచి ఎవరో ఒక కొత్తవాణ్ణి పిలిచి "నాది ఒకసారి చూడు" అని అడగకుండా నేను విమానం ఎక్కలేదు.

అందుకని బిడియం పక్కనపెట్టు. నీకు తేడాగా కనిపించింది తప్పో కాదో ఆలోచిస్తూ కూర్చోవద్దు, చూసిన క్షణమే అడిగెయ్. తప్పు కాకపోతే రెండు సెకన్లు పోతాయి, అంతే. నీ రిగ్ కూడా ఇంకొకరికి చూపించు. గొడుగును విడిపించే మూడు రింగులు, ఛాతీకీ తొడలకూ కట్టే మూడు పట్టీలు, లాగే మూడు హ్యాండిళ్ళు. పెళ్ళికి మూడు ముళ్ళు ఎట్లాగో మనకు ఈ మూడు మూడ్లు అట్లాగ. నేల మీద ఒకసారి, తలుపు తెరిచే ముందు ఇంకోసారి.

ఇక నీకు ఎవరో చవకగా అమ్ముతామన్న 135 చదరపు అడుగుల కెనోపీ, అంటే పారాచూట్ గొడుగు సంగతి. వద్దు తల్లీ. నీ బరువు, రిగ్ బరువు కలిపితే 155 పౌండ్లు అన్నావు. దాన్ని 135తో భాగిస్తే ఒకటి దాటిపోతుంది. నువ్వున్న దశలో ఆ లెక్క ఒకటికి లోపలే ఉండాల. పైగా చిన్న గొడుగు చిన్న పొరపాటును కూడా పెద్దది చేస్తుంది, ఎక్కువ వేగంతో దిగుతుంది, కొంచెం లాగినా గిర్రున తిరుగుతుంది. మా వృత్తిలో నేను చూసిన పెద్ద దెబ్బలు చాలావరకు పారాచూట్ తెరుచుకోక తగిలినవి కావు. నిక్షేపంగా తెరుచుకున్న గొడుగు కిందే, నేలకు వంద అడుగుల పైన కంగారులో తిప్పిన ఒక్క మలుపుతో తగిలినవి. గాలికి ఎదురుగా దిగాలనే ఆత్రంతో చివర్లో తిప్పొద్దు. పక్కగాలిలో తిన్నగా దిగి, సమయానికి ఫ్లేర్ చేసి (రెండు చేతుల తాళ్ళు కిందికి లాగి వేగం తగ్గించి), కాళ్ళు దగ్గరపెట్టుకుని దొర్లితే మహా అయితే మట్టి అంటుకుంటుంది. 170 చూసుకో. దాని మీదే వందసార్లు దిగు. తర్వాత మాట్లాడుకుందాం.

అమ్మేవాడు వేయి జంపులవాడు అన్నావు కదా. జంపుల సంఖ్య చూసి గురువును ఎంచుకోకమ్మా. సలహా ఇచ్చేముందు నిన్ను ప్రశ్నలు అడిగేవాణ్ణి వెతుక్కో. ఏ గొడుగు మీద ఎగురుతున్నావు, పోయినసారి యాడ దిగినావు, ఎత్తు ఎప్పుడెప్పుడు చూసుకున్నావు అని అడిగేవాడే నీ బాగు కోరేవాడు. కెమెరా మాట ఎత్తితే "200 జంపులు కానీ, అప్పుడు చూద్దాం" అనేవాణ్ణి పిసినారి అనుకోవద్దు. హెల్మెట్ మీద కెమెరా ఉంటే ధ్యాస దాని మీదికి పోతుంది, గొడుగు తాళ్ళు దానికి తగులుకునే ప్రమాదం ఒకటి. నీ ధ్యాస ఎత్తు మీద ఉండాల. 3,000 అడుగులకల్లా గొడుగు తెరిచెయ్యాల. పైన అది సరిగ్గా లేకపోతే 2,500 కల్లా తేల్చుకుని రెండో గొడుగైన రిజర్వ్‌కు పోవాల. ఏఏడీ (తనంతట తానే రిజర్వ్ తెరిచే పరికరం) ఉందిలే అని ఒక్క సెకను కూడా ఆగొద్దు. అది నీకు తెలివి తప్పినప్పటి కోసం.

గాలి గురించి. విద్యార్థిగా ఉన్నన్నాళ్ళు నేల మీద గాలి గంటకు 14 మైళ్ళు దాటితే నిన్ను ఆపేసినారు. లైసెన్సు వచ్చినాక ఆ హద్దు లేదు, నీ వివేకానికే వదిలేస్తారు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. వేయి జంపులవాడు ఆ గాలిలో పోతున్నాడని వెంట పోవద్దు. అతని చేతులు వేరు, నీ చేతులు వేరు. ఎండాకాలం మధ్యాహ్నం చంద్రగిరి దారిలో దుక్కి చేలమీద లేచే సుడిగాలి చిన్నప్పుడు చూసినావు కదా, ఎండుటాకులన్నీ గిరగిరా పైకి పోయేవి? టెక్సాస్ ఎండల్లోనూ అదే లేస్తుంది. గొడుగు దాంట్లో పడితే ముడుచుకుపోతుంది. అట్లాంటి పూట "నేను ఆగుతున్నా" అని నువ్వు ముందు అను. నీ పక్కనే ఇంకొకరు అదే మాట గొంతులో పెట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్ళకు నీ మాటే తోడు.

నీ విమానంలో ఆడపిల్లవు నువ్వొక్కదానివే అని దిగులు పడినావు. 2002లో ఉత్తర ధ్రువం మీద దూకిన రేచల్ థామస్ మన దేశపు ఆడబిడ్డే. 2005లో పద్మశ్రీ అందుకుంది. నీ వెనక వచ్చే పిల్ల మాత్రం ఒంటరి అనుకోకుండా చూడు. 25 జంపులే కదా అనుకుంటావేమో, మూడో జంపుకు వచ్చి చేతులు చల్లబడి కూర్చున్న పిల్లకు వేయి జంపులవాడికంటే నువ్వే దగ్గర. భయం ఎట్లుంటుందో నీకింకా గుర్తుంది, వాళ్ళు మరిచిపోయినారు. పోయి పక్కన కూర్చో.

చిన్నప్పుడు నిన్ను అలిపిరి మెట్ల మీద తీసుకుపోయినప్పుడు, 3,550 మెట్లూ రోజూ ఎక్కే పెద్దాయన ఒకాయన గాలిగోపురం దగ్గర ఆగి, వెనకొచ్చేవాళ్ళను ఒక్కొక్కరినే లెక్క పెట్టుకున్నాడు, గుర్తుందా? నేల మీద దిగినాక నువ్వూ అదే చెయ్యి. గొడుగు చుట్టుకునే ముందు తల ఎత్తి ఎన్ని గొడుగులు ఉన్నాయో లెక్కపెట్టు. ఒకటి తగ్గితే వెంటనే చెప్పి, అది యాడ దిగిందో వెతికే వాళ్ళతో పాటు నువ్వూ పో.

సంక్రాంతికి వచ్చేటప్పుడు లాగ్‌బుక్ తెచ్చుకో. ప్రతి జంపు కింద నువ్వు రాసుకున్నది ఇద్దరం కూర్చుని చదువుదాం. పాత పరుపు అరుగు కింద వేసి ఉంచుతా. దిగేటప్పుడు దొర్లడం నీకు సరిగ్గా రాలేదన్నావు, పాదాలు, పిక్క, తొడ, పిరుదు, భుజం వెనక, ఈ వరుసలో నేలకు ఆనేదాకా ఆ అరుగు మీది నుంచే దూకిస్తా.

నీ పెదమామ