మా అబ్బాయి ఫ్రటర్నిటీలో చేరతానంటున్నాడు, హేజింగ్ గురించి ఎంతవరకు భయపడాలి?

ఈ ఫాల్‌లో ఒహాయోలో డిగ్రీలో చేరుతున్న మీ అబ్బాయి దక్షిణాసియా విద్యార్థుల ఫ్రటర్నిటీ (అబ్బాయిల సంఘం) ఒకదానిలో చేరాలనుకుంటున్నాడనీ, అక్కడి హేజింగ్, అంటే కొత్తగా చేరేవాళ్ళను పెట్టే వేధింపులు, తలచుకుంటే మీకు భయంగా ఉందనీ, మీవారు మాత్రం “మనం ఇంజినీరింగ్ కాలేజీలో పడ్డ ర్యాగింగ్ లాంటిదేగా, వాడే నెగ్గుకొస్తాడు” అని కొట్టిపారేస్తున్నారనీ రాశారు. నేను ఎం.ఎస్. చదివే రోజుల్లో ఇక్కడి ఒక యూనివర్సిటీ డార్మ్‌లో రెసిడెంట్ అసిస్టెంట్‌గా పనిచేశాను. మా అమ్మాయి ఇప్పుడు ఒక సొరోరిటీలో, అంటే అలాంటిదే అమ్మాయిల సంఘంలో, సభ్యురాలు. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ భయంలో అర్థం ఉంది. మీవారి పోలికతోనే నాకు పేచీ.

మన హాస్టళ్ళలో ర్యాగింగ్ జూనియర్ కోరుకున్నది కాదు. సీనియర్ల కంట పడకుండా తిరగడమే వాడి పని, వీలు చిక్కితే వార్డెన్‌కో ఇంట్లోనో చెప్పుకునేవాడు. ఇక్కడ కుర్రవాడు తానే వెళ్ళి కలుస్తాడు, ఫ్రటర్నిటీ వాళ్ళు “బిడ్”, అంటే చేరమని ఆహ్వానం, ఇస్తే సంబరపడతాడు, ఆపైన కొన్ని వారాలు ప్లెడ్జ్‌గా ఉండి పూర్తి సభ్యత్వం కోసం ఎదురుచూస్తాడు. ఊరు కాని ఊరిలో స్నేహితులు దొరికారన్న ఆనందంలో ఉన్నవాడు, రేపు సభ్యత్వం ఇవ్వబోయేవాళ్ళు సీసా చేతికిచ్చి తాగమంటే కాదనలేడు, ఎవరైనా అడిగితే “నా ఇష్టంతోనే తాగాను” అంటాడు. ఆ మాట నిజం కాదని చట్టాలు కూడా గుర్తించాయి. హేజింగ్ కేసులో బాధితుడు ఒప్పుకున్నాడన్న వాదన చెల్లదని పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాలు స్పష్టంగా రాసుకున్నాయి.

హేజింగ్ ఘటనలను వరసగా చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో 19 ఏళ్ళ టిమొతీ పియాజా, బిడ్ అందుకున్న రాత్రి, 82 నిమిషాల్లో 18 డ్రింకులు తాగించాక, నేలమాళిగ మెట్ల మీది నుంచి పడిపోయాడు. ఫ్రటర్నిటీ ఇంట్లోని కెమెరాలు ఆ తర్వాత జరిగినదంతా రికార్డు చేశాయి. అతన్ని మోసుకొచ్చి సోఫాలో పడుకోబెట్టారు, పొర్లకుండా వీపుకు పుస్తకాల బ్యాగు తగిలించారు, సాయం పిలుద్దామన్న ఒక కుర్రవాడిని పక్కకు తోసేశారు. దాదాపు 12 గంటలు గడిచాక గానీ 911కు (అత్యవసర సాయం నంబరుకు) ఫోన్ చేయలేదు. అతను బతకలేదు. తొలి గంటలోనే పిలిచి ఉంటే కథ వేరుగా ఉండేదని ఆ తల్లిదండ్రులు జీవితాంతం అనుకుంటూనే ఉంటారు. అదే ఏడాది సెప్టెంబరులో లూయిజియానా స్టేట్ యూనివర్సిటీలో 18 ఏళ్ళ మాక్స్ గ్రూవర్ ఇలాగే చనిపోయాడు, ఫ్రటర్నిటీ గురించి ప్రశ్నలు వేసి తప్పు చెబితే తాగించే ఆటలో. మీ ఒహాయోలోనే, బౌలింగ్ గ్రీన్ యూనివర్సిటీలో 2021 మార్చిలో ఒక విద్యార్థి చేత బౌర్బన్ సీసా మొత్తం తాగించారు, మూడు రోజులకు అతను ప్రాణం వదిలాడు. అదే ఏడాది అక్టోబరులో మిసోరీ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు వోడ్కా తాగించిన రాత్రి తర్వాత బతికాడు గానీ చూపు, మాట, నడక కోల్పోయాడు.

ఇవి ఏ రాత్రుల్లో జరిగాయో మీరు గమనించండి. బిడ్ ఇచ్చిన రాత్రి, “బిగ్” అని పిలిచే సీనియర్‌ను కొత్తవాడికి అంటగట్టే రాత్రి, ఈ రెండే ఎక్కువ ప్రమాదకరం. బౌలింగ్ గ్రీన్, మిసోరీ ఘటనలు రెండూ ఆ రెండో రకం రాత్రివే. కాబట్టి సెమిస్టరంతా ఆందోళన పడేకన్నా, ఆ రాత్రులు ఎప్పుడో మీ అబ్బాయిని అడిగి తెలుసుకోవడం మేలు. చెప్పనంటే అదే ఒక హెచ్చరిక.

నేను డార్మ్‌లో పనిచేస్తున్నప్పుడు ఒక అర్ధరాత్రి మొదటి సంవత్సరం కుర్రవాడు వచ్చి తలుపు కొట్టాడు. వాడి రూమ్మేట్ బాత్‌రూమ్ బయట కారిడార్‌లో ఒక పక్కకు పడుకుని ఉన్నాడు, వీపున పుస్తకాలు కుక్కిన బ్యాగు, ఛాతీ మీద దాని పట్టీ బిగించి ఉంది. పక్కనే టైలు కట్టుకున్న ఇద్దరు సీనియర్లు నిలబడి, వాంతి చేసుకున్నా ఊపిరాడకుండా పోదనీ, తెల్లారేసరికి మామూలు అయిపోతాడనీ నాకు భరోసా ఇచ్చారు. వాళ్ళు దుర్మార్గులు కారు, ఆ బ్యాగు కట్టడమే జాగ్రత్త అని నిజంగా నమ్మారు. అతని గోళ్ళు నీలిరంగుకు తిరిగాయి, ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య నేను భయపడేంత విరామం వస్తోంది. నేను ఫోన్ తీస్తుంటే వారిలో ఒకడు చేయి పట్టుకుని, మా చాప్టర్ (ఫ్రటర్నిటీ స్థానిక శాఖ) మీద ఇప్పటికే యూనివర్సిటీ ప్రొబేషన్ ఉంది, దయచేసి పిలవద్దు అని బతిమాలాడు. నేను పిలిచాను, ఆ అబ్బాయి బతికాడు. మర్నాడు ఆసుపత్రి నుంచి వచ్చాక అతను నన్ను అడిగింది ఒకటే, ఫోన్ చేసింది ఎవరో చాప్టర్‌కు తెలుస్తుందా అని. తనను తీసుకోరేమోనన్న భయం అతనికి ప్రాణభయం కన్నా పెద్దదిగా ఉంది. హేజింగ్ మనిషిని ఎంతగా లొంగదీస్తుందో నాకు ఆ ప్రశ్నతోనే తెలిసింది.

నిద్రపోతే తగ్గిపోతుందన్న నమ్మకమే ఇన్ని ప్రాణాలు తీసింది. తాగడం ఆపిన తర్వాత కూడా కడుపులో మిగిలిన ఆల్కహాల్ రక్తంలోకి చేరుతూనే ఉంటుంది, అందుకే పడుకున్నప్పుడు పర్వాలేదనిపించినవాడు కాసేపటికి లేపినా లేవడు. దగ్గే శక్తి కూడా మందగించి, వాంతి గొంతుకు అడ్డం పడుతుంది. నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువ శ్వాసలు, శ్వాసల మధ్య పది సెకన్లకు మించిన ఎడం, చల్లబడి పాలిపోయిన లేదా నీలిరంగు చర్మం, గట్టిగా కదిపినా స్పృహ రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా 911కు పిలిచి, వచ్చేవరకు పక్కకు తిప్పి పడుకోబెట్టి పక్కనే ఉండాలి. సాయం కోసం పిలిచినవారిని శిక్ష నుంచి కాపాడే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి, పియాజా పేరుతో పెన్సిల్వేనియా 2018లో చేసిన చట్టంలోనూ ఉంది. ఈ సంగతి విద్యార్థుల్లో చాలామందికి తెలియదు.

మనవాళ్ళ ఫ్రటర్నిటీ కాబట్టి అన్నదమ్ముల్లా చూసుకుంటారని మీరు ఆశపడుతున్నట్టుంది. 1990ల నుంచి పెరిగిన ఈ సంఘాల్లో మంచి స్నేహాలు దొరుకుతాయన్నది నిజమే, మా బంధువుల పిల్లలు ఉన్నారు. కానీ వంశమూ భాషా పూచీ కాదు. న్యూయార్క్ బారూక్ కళాశాలకు చెందిన ఒక ఆసియన్ అమెరికన్ ఫ్రటర్నిటీ వాళ్ళు 2013 డిసెంబరులో కొత్త విద్యార్థి ఒకరిని పెన్సిల్వేనియా కొండల్లోకి తీసుకెళ్ళి, కళ్ళకు గంతలు కట్టి, వీపున ఇసుక బ్యాగు వేసి, చలిలో ఆవరణలో మీద పడి తోశారు. స్పృహ తప్పిన తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళడంలో జాప్యం చేశారు. అతను చనిపోయాడు. కోర్టు ఆ ఫ్రటర్నిటీని పెన్సిల్వేనియాలో పదేళ్ళపాటు నిషేధించింది. అక్కడ ప్రాణం తీసింది మద్యం కాదు, కాబట్టి “మావాడు తాగడు” అన్నది కూడా పూర్తి ధైర్యం కాదు.

సొరోరిటీల గురించి క్లుప్తంగా చెబుతాను. మా అమ్మాయి సంఘంలో అలాంటివి లేవు. ఆమె స్నేహితురాలు చేరిన మరో దానిలో మాత్రం ఫోన్లు తీసేసుకుని, రాత్రుళ్ళు నిద్రపోనివ్వకుండా పాఠాలు అప్పజెప్పించుకునేవారు, ఆ అమ్మాయి ఉదయం క్లాసుల్లో తూలిపోయేది. దెబ్బలు కనబడవు కనుక ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇక మీరు చేయవలసినవి. 2024 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం యూనివర్సిటీలు హేజింగ్‌కు పాల్పడినట్టు తేలిన సంఘాల పేర్లతో నివేదికను తమ వెబ్‌సైటులో పెట్టాలి. మీ అబ్బాయి బిడ్ ఒప్పుకునేముందే అది చదవండి. వద్దని ఆంక్ష పెట్టకండి, పెడితే చెప్పకుండా చేరతాడు. “ఎవరైనా లేవకపోతే 911కు నువ్వే చేయి, ఆ రాత్రి ఏ వేళకు ఫోన్ చేసినా ఒక్క ప్రశ్న వేయకుండా వస్తాం” అని మీవారి నోటితోనే చెప్పించండి, తండ్రి మాటకు అక్కడ బరువుంటుంది. ఆ తర్వాత వచ్చే ఏడాది సంగతి కూడా మాట్లాడండి, అప్పటికి మీ అబ్బాయే కొత్తవాడికి సీసా అందించవలసిన స్థానంలో ఉంటాడు. 2021లో ఒహాయో చేసిన కాలిన్స్ లా ప్రకారం, మద్యం బలవంతంగా తాగించడం వల్ల తీవ్రమైన హాని జరిగితే అది ఫెలొనీ, అంటే పెద్ద నేరం. బౌలింగ్ గ్రీన్ కేసులో కొందరు విద్యార్థులు జైలుకు కూడా వెళ్ళారు.